పాడేరు ఘాట్‌లో వెలిగిన దీపం: గేర్‌బాక్స్‌కి అదనపు ఆయిల్ కూలర్ సంగతి

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. మే నెలలో ఏడుగురు ఎక్కి, పైన లగేజీ కట్టి పాడేరు అవతల వంజంగి కొండకి వెళ్తుంటే పాడేరు ఘాట్ సగంలో గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కిందని దీపం వెలిగింది. పక్కకి ఆపి, ఇంజన్ ఆపకుండా ఇరవై నిమిషాలు నిలబెడితే ఆరిపోయింది. మళ్లీ వంజంగి మట్టిరోడ్డులో వెలిగింది. మన విశాఖ ఆటోనగర్‌లో ఒకాయన "అదనంగా కూలర్ పెట్టేద్దాం సార్, గంటలో పని" అన్నాడు. పెట్టించాలా, ఏది పెట్టించాలి, దానివల్ల ఉన్న గేర్‌బాక్స్ పాడవుతుందా అని మీ టెన్షన్.

పెట్టించండి. మీలా కొండల మీద తిరిగే బండికి అది దండగ ఖర్చు కాదు. కానీ గంటలో అయ్యే పని మాత్రం కాదు. ఒక పూట కేటాయించండి, దగ్గరుండి చేయించుకోండి. ఏ కంపెనీ కూలర్ కొనాలని మీరు మూడు సార్లు అడిగారు, గొట్టాల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్నేళ్లలో కూలర్ పగిలి చెడిపోయిన గేర్‌బాక్స్‌ని నేను చూడలేదు. కూలర్‌కి వెళ్లే గొట్టం ఊడి, ఆయిలంతా రోడ్డు పాలై చెడిపోయినవి రెండు చూశాను. మూడోది నాదే అయ్యేది, కొద్దిలో తప్పింది. ఆ కథ కింద చెప్తాను.

ముందు ఈ వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. మాన్యువల్ బండిలో క్లచ్ ప్లేటు ఉండే చోట మీ బండిలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లోపల ఇంజన్ వైపు రెక్కలు ఆయిల్‌ని చిలుకుతాయి, ఆ ఆయిల్ గేర్‌బాక్స్ వైపు రెక్కల్ని తిప్పుతుంది. కవ్వం తిప్పితే కుండలో మజ్జిగ తిరిగినట్టు. రెండు వైపులూ దాదాపు ఒకే వేగంతో తిరిగినంతసేపూ గొడవ లేదు. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే అవతలి వైపు 1,400 మాత్రమే తిరుగుతోందంటే, మధ్యలో పోయిన శక్తి ఆయిల్‌లోకి వేడిగా దిగుతుంది. హైవే మీద కాస్త వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ రెండిటినీ కలిపి పట్టేస్తుంది, ఇక జారుడు ఉండదు. అందుకే అనకాపల్లి నుంచి తుని దాకా ఎన్‌హెచ్ 16 మీద ఆగకుండా పోయినా గేర్‌బాక్స్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పాడేరు ఘాట్‌లో అలా కాదు. ముందు లోడు లారీ, ఎదురుగా బస్సు, గంటకి 15 కిలోమీటర్ల వేగం, మలుపు మీద మలుపు. లాకప్ పట్టే అవకాశమే రాదు.

చిన్న లెక్క వేద్దాం. గేర్‌బాక్స్, కన్వర్టర్ కలిపి 8 లీటర్ల ఆయిల్ అనుకోండి, బరువు 7 కిలోలకి కాస్త తక్కువ. కిలో ఆయిల్‌ని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 2 కిలోజౌళ్లు చాలు. నిండా మనుషులతో ఎక్కుతున్నప్పుడు కన్వర్టర్ 10 కిలోవాట్లు వేడిగా పారేస్తోందనుకుంటే, చల్లబరిచేది ఏదీ లేకపోతే ఆయిల్ వేడి నిమిషానికి 40 డిగ్రీల పైన పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన కూలర్ దీన్ని చాలావరకు లాగేస్తుంది. కాకపోతే చాలా బండ్లలో ఆ కూలర్ విడిగా ఉండదు, రేడియేటర్ ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న కూలెంటే 90 డిగ్రీల దగ్గర ఉంటే అందులో మునిగిన ఆయిల్ 80కి ఎలా దిగుతుంది? పైగా ఘాట్‌లో ఇంజన్ కూడా అదే సమయంలో కాగుతూ ఉంటుంది. విడిగా గాలి తగిలే కూలర్ అవసరం అక్కడే వస్తుంది.

ఎంత వేడి అయితే ఎక్కువ అంటారా? 80 నుంచి 95 మధ్య ఉంటే ఆయిల్‌కి హాయి. ఎక్కుడులో కాసేపు 110 తాకినా కంగారు పడక్కర్లేదు. 120 దాటి అక్కడే కూర్చుంటే మాత్రం ఆయిల్ తొందరగా ముసలిదైపోతుంది. మెకానిక్‌లు చెప్పుకునే మోటు లెక్క, ప్రతి 10 డిగ్రీలకి ఆయిల్ ఆయుష్షు సగం. 150 దగ్గరికి వెళ్తే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్లు మాడతాయి. మీకు వెలిగిన దీపం ముందస్తు హెచ్చరిక కాదు, అది వెలిగేసరికే ఆయిల్ బాగా కాగిపోయి ఉంటుంది. మీరు ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం మంచి పని చేశారు. ఇంజన్ ఆపితే పంపు ఆగుతుంది, వేడి ఆయిల్ ఉన్నచోటే ఉడుకుతుంది. ఈసారి పార్కింగ్‌లో పెట్టి ఆక్సిలరేటర్ కొద్దిగా నొక్కి 1,200 - 1,500 మధ్య తిప్పండి, ఇంకా తొందరగా దిగుతుంది.

పైసా ఖర్చు లేని మందు ఒకటుంది. వంజంగి పైకి మట్టిరోడ్డులో వెళ్లేటప్పుడు మీరు "ఫోర్ లో" (4L, అంటే నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేశారా? రాయలేదు కాబట్టి వేయలేదనే అనుకుంటున్నాను. చాలామంది ఇరుక్కుపోయినప్పుడే వేయాలనుకుంటారు. ఫోర్ లో వేస్తే గేర్‌బాక్స్ తర్వాత ఉండి ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బలాన్ని రెట్టింపు పైన చేస్తుంది, కన్వర్టర్ మీద పడే బరువు అంతమేర తగ్గుతుంది, జారుడు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. మట్టి, రాళ్లు, బురద ఉన్న ఎక్కుడులో మొదటి నుంచే వేసుకోండి. పాడేరు ఘాట్ తారురోడ్డు, అక్కడ మాత్రం వద్దు. మధ్యలో డిఫరెన్షియల్ (ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేని బండిని పొడి తారు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే మలుపుల్లో ముందు వెనక షాఫ్టులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. తారురోడ్డు ఘాట్‌లో మాన్యువల్ మోడ్‌కి మార్చి రెండో గేరులోనో మూడో గేరులోనో పట్టి ఉంచండి. ఇంజన్ కాస్త గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. డ్రైవ్‌లో వదిలేస్తే పై గేరు వేసి, అక్కడ లాగలేక కన్వర్టర్‌ని జారించి, మళ్లీ కింది గేరుకి దిగి, ఇలా ఊగిసలాడుతుంది. వేడి పుట్టేది ఆ ఊగిసలాటలోనే.

ఇప్పుడు కూలర్ కొనే ముందు చూడాల్సినవి. లక్షా నలభై వేలు తిరిగిన బండి ఇప్పుడు వేడెక్కడం మొదలుపెట్టిందంటే కొత్తగా ఏదో చెడి ఉండొచ్చు. దాన్ని వదిలేసి కూలర్ పెడితే జ్వరం ఉన్నవాడికి విసనకర్ర విసిరినట్టే.

బానెట్ ఎత్తి, ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే, ఏసీ గ్యాసుని చల్లబరిచే జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులోకి టార్చి వేసి చూడండి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనబడుతుంది, మట్టంతా వెనక సందులో పేరుకుంటుంది. నా మిత్రుడి బండిలో అక్కణ్ణుంచి ఎండిన బురద, సరుగుడాకులు, రెక్కల పురుగులు కలిపి ఒక చేటెడు తీశాం. ఆ సందు కడిగాక దీపం మళ్లీ వెలగలేదు, కూలర్ కొనే పని కూడా తప్పింది. ఇంజన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని గట్టిగా పట్టి తిప్పే ఫ్యాన్ క్లచ్ కూడా చూపించండి. ఇంజన్ బాగా వేడిగా ఉండగా ఫ్యాన్ హోరుమని గాలి లాగాలి. ఇంజన్ ఆపాక వేలితో తోస్తే గిర్రున రెండు మూడు చుట్లు తిరిగిపోతోందంటే దాని పని అయిపోయినట్టే. టైర్లు కంపెనీ సైజు కన్నా పెద్దవి వేసి ఉన్నారా? పాత ఓనర్ షోకు కోసం వేయించి ఉంటే గేరింగ్ మారిపోయి కన్వర్టర్ ఎక్కువ జారుతుంది.

తర్వాత ఆయిల్. తెల్ల కాగితం మీద నాలుగు చుక్కలు వేయండి. ఎర్రగానో, కాస్త ముదురు ఎరుపుగానో ఉంటే సరే. కాఫీ డికాక్షన్ రంగులో ఉండి మాడిన వాసన వేస్తే ముందు ఆయిల్ మార్చాలి. నల్లగా ఇసుకలా గరగరలాడితే క్లచ్ ప్లేట్లు అరిగిపోయినట్టు, అప్పుడు కూలర్ మాట మర్చిపోయి గేర్‌బాక్స్ తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లండి. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అన్న మాట మన ఎండలకీ ఘాట్లకీ వర్తించదని నా అభిప్రాయం. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌ని ఒకసారి ఖాళీ చేస్తే సగం ఆయిలే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో మూడు సార్లు దింపి పోస్తే ఎనిమిదింట ఏడు వంతులు కొత్తదవుతుంది. ఆయిల్ గ్రేడు మాత్రం మాన్యువల్‌లో రాసిందే. "అన్నిటికీ ఇదే సార్" అని ఎవరైనా డబ్బా చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నేను ఎక్కువ భయపడేది రేడియేటర్ గురించి. పాత ఓనర్ అందులో కూలెంట్ పోశాడా, బోరు నీళ్లు పోశాడా? గాజువాక వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని మీకూ తెలుసు. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తిరిగితే రేడియేటర్ ట్యాంకు లోపలి చిన్న ఆయిల్ కూలర్ తుప్పు తిని చిల్లు పడుతుంది. అప్పుడు నీళ్లు గేర్ ఆయిల్‌లోకి పోతాయి, ఆయిల్ నీళ్లలోకి వస్తుంది. రేడియేటర్ మూత తీస్తే రోజ్ మిల్క్ లాంటి గులాబీ నురగ కనిపిస్తుంది. ఆ నీళ్లకి గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొర ఊడిపోతుంది, ఇక బాగుచేయడం అంటే గేర్‌బాక్స్ మొత్తం విప్పడమే. మూత తీసి చూడండి, చల్లారాక. రంగు మామూలుగా ఉన్నా, ఎప్పుడు ఏ నీళ్లు పోశారో తెలియని రేడియేటర్ అయితే కూలర్ పెట్టే రోజే కొత్త రేడియేటర్ వేయించేస్తాను నేనైతే.

ఒక చిన్న మాట. కొన్ని బండ్లకి కంపెనీవాళ్లే గ్రిల్ వెనక చిన్న ఆయిల్ కూలర్ ఇచ్చి ఉంటారు. ముందు బంపర్ విప్పి చూసుకోండి, ఉన్నదాన్నే పెద్దది చేస్తే సరిపోవచ్చు.

కూలర్ పెట్టక ముందు, పెట్టాక వేడి కొలవకపోతే ఉపయోగం జరిగిందో లేదో మీకే తెలియదు. చాలా బండ్లలో ఓబీడీ సాకెట్‌కి (మెకానిక్‌లు స్కానర్ తగిలించేది) చిన్న బ్లూటూత్ రీడర్ గుచ్చితే గేర్‌బాక్స్ ఆయిల్ వేడి ఫోన్లో కనిపిస్తుంది. అది రాకపోతే తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి ఛాంబర్ మీద కొలవండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తప్పు చెప్తుంది, నిజం కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. ఛాంబర్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఆ టేపు మీద గురిపెట్టండి. నా బండిలో ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కుతున్నప్పుడు ముందు 118 దాకా వెళ్లేది, కూలర్ పెట్టాక అదే ఎండలో, అదే లోడుతో 97 దగ్గర ఆగింది.

కూలర్ రకం సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. పాము మెలికల్లా ఒకే ట్యూబు తిరిగి, చుట్టూ రెక్కలున్నది చవక. పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ప్లేట్ రకం ఖరీదెక్కువ. ప్లేట్ రకమే తీసుకోండి. అంతే జాగాలో ఎక్కువ చల్లబరుస్తుంది, ఆయిల్ ప్రవాహానికి అడ్డం తక్కువ. సుమారు 11 అంగుళాల పొడవు, 7 అంగుళాల ఎత్తు ఉన్నది మీ బండికి చాలు. ఇంకా పెద్దది పెడితే ఇంకా మంచిదనుకోకండి, అది వెనకున్న ఏసీ కండెన్సర్‌కి గాలి ఆపుతుంది. మే నెల ఉక్కపోతలో ఏసీ చల్లగా రాకపోతే ఇంట్లోవాళ్లు గేర్‌బాక్స్ గురించి వినిపించుకోరు. స్క్రాప్‌లో దొరికిన పాత కూలర్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. ఏదో చచ్చిపోయిన గేర్‌బాక్స్ ఇనుప రజను దాని లోపల దాక్కుని ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు.

ఎక్కడ బిగించాలి? కండెన్సర్ ముందు, ఒక పక్కగా, 10 - 15 మిల్లీమీటర్ల సందు వదిలి. ఘాట్‌లో 15 కిలోమీటర్ల వేగంలో ముందు నుంచి వచ్చే గాలి ఏపాటి? అక్కడ గాలి లాగేది ఇంజన్ ఫ్యాన్ ఒక్కటే. కూలర్ కండెన్సర్‌కి దగ్గరగా ఉంటేనే ఆ గాలి దీని గుండా వస్తుంది, దూరం పెడితే పక్కల నుంచి తప్పించుకుపోతుంది. బండి అడుగున పెట్టి చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ తగిలిద్దామని కొందరు అంటారు. వంజంగి బురదలో ఒక్కసారి తిరిగి వస్తే ఆ ఫ్యాన్ సంగతి మీకే తెలుస్తుంది.

కూలర్‌తో పాటు ప్లాస్టిక్ పుల్లలు కొన్ని ఇస్తారు, కండెన్సర్ రెక్కల్లోంచి గుచ్చి అవతల బిగించేవి. గంటలో పని అన్న మనిషి వాడేది అవే. వాటిని డబ్బాలోనే ఉంచేయమనండి. రోడ్డు మీద అదురుకి ఆ పుల్లలు కండెన్సర్ ట్యూబుని ఒరుసుకుంటూ ఏడాదిలోనో రెండేళ్లలోనో గ్యాసు లీకు చేస్తాయి. రేడియేటర్ సపోర్టు ఫ్రేముకి పైనా కిందా బ్రాకెట్లు చేయించి, మధ్యలో రబ్బరు వాషర్లు వేసి బిగించాలి. మనది సముద్రం ఊరు కాబట్టి ఇంకో మాట. ఇనుప బ్రాకెట్‌ని అల్యూమినియం కూలర్‌కి నేరుగా ఆనిస్తే ఉప్పుగాలికి ఆ ఆనిన చోట అల్యూమినియం తెల్లగా పొడి రాలిపోతుంది. భీమిలి రోడ్డులో ఇల్లున్నవాళ్ల బాల్కనీ గ్రిల్లులు చూస్తే మీకే అర్థమవుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులైనా సరే, మధ్యలో రబ్బరో నైలానో వాషర్ ఉండి తీరాలి. గొట్టాలు తగిలే నోళ్లు పైకో, పక్కకో ఉండేలా పెట్టండి, గాలి లోపల ఇరుక్కోదు.

ఇక గొట్టాల కథ. చాలా ఏళ్ల కిందట, నా మొదటి ఆటోమేటిక్‌కి ఊళ్లోనే ఒక షెడ్డులో కూలర్ వేయించాను. నేను పక్కనే కూర్చుని టీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాను, తప్పు నాది కూడా. అతను రేడియేటర్ నుంచి గేర్‌బాక్స్‌కి తిరిగి వెళ్లే ఇనుప పైపుని హ్యాక్సాతో కోసి, కోసిన నున్నటి కొస మీదికి డీజిల్ గొట్టం తొడిగి, స్క్రూ క్లిప్పు వేసి బిగించాడు. మూడు నెలలు బాగానే తిరిగింది. ఒక ఆదివారం మా బావమరిది కుటుంబంతో అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం, అనంతగిరి ఇంకా రాలేదు. ఒక మలుపులో బండి ఇంజన్ అరుస్తోంది కానీ కదలడం లేదు. పక్కకి లాగి ఆపాను. బొంగులో చికెన్ అమ్మే కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "సారూ, బండి కింద రక్తంలాగ ఏదో కారిపోతందండీ" అన్నాడు. వంగి చూస్తే ఎర్రటి ఆయిల్ ధారగా రోడ్డు మీద, దానిలో కొంత సైలెన్సర్ పైపు మీద పడి పొగలు. గొట్టం కొస ఖాళీగా వేలాడుతోంది, క్లిప్పు మాత్రం దానికి గట్టిగానే పట్టుకుని ఉంది! నున్నటి పైపు మీంచి గొట్టమూ క్లిప్పూ కలిసికట్టుగా జారి వచ్చేశాయి. ఆ ఆయిల్ అంటుకోలేదంటే అది మా అదృష్టం. పిల్లల్ని దింపేసి, మా చెల్లెమ్మ చేత తిట్లు తిని, బండిని లారీ మీద ఎక్కించి కిందికి తెచ్చుకున్నాం. వెంటనే ఆపడం వల్ల గేర్‌బాక్స్ బతికింది.

అందులో రెండు తప్పులున్నాయి, రెండూ మీరు దగ్గరుండి చూడాల్సినవి. మొదటిది, ఇనుప పైపు కొస నున్నగా ఉండకూడదు. ఫ్లేరింగ్ టూలుతో కొస దగ్గర ఉబ్బెత్తు గట్టు తేవాలి. గొట్టం ఆ గట్టు దాటి కనీసం అంగుళం లోపలికి వెళ్లాలి, క్లిప్పు గట్టుకి అవతల కూర్చోవాలి. అప్పుడు లాగినా రాదు. రెండోది, డీజిల్ గొట్టం గేర్ ఆయిల్‌కి పనికిరాదు. ఆ వేడికి, ఆ ఆయిల్‌కి కొన్నాళ్లలో లోపలి రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, లేదా ఎండి పగుళ్లిస్తుంది. గొట్టం మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ కోసమని అచ్చు ఉండాలి, ఎస్ఏఈ జే1532 అని ఉంటే నిశ్చింత. లోపలి రంధ్రం మీ ఇనుప పైపు సైజుకి సరిపోవాలి, 8 మిల్లీమీటర్లో 10 మిల్లీమీటర్లో ముందే కొలుచుకోండి. వదులుగా ఉన్నదాన్ని క్లిప్పుతో నొక్కి సరిపెట్టే పని వద్దు. క్లిప్పులు కూడా పళ్లు గొట్టంలోకి దిగే మామూలు రకం కాకుండా, అంచులు మడిచి ఉండి చుట్టూ సమానంగా నొక్కే ఇంజెక్షన్ రకం అడగండి.

ఇంకా గట్టి దారి మన ఊళ్లోనే ఉంది, చాలామందికి తట్టదు. పోర్టు, స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది. క్రేన్లకీ జేసీబీలకీ హైడ్రాలిక్ గొట్టాలు క్రింపింగ్ చేసే (గొట్టం కొసకి లోహపు తొడుగుని యంత్రంతో నొక్కి బిగించే) షాపులు ఆటోనగర్ వైపు దొరుకుతాయి. కూలర్ మరలకి సరిపోయే యూనియన్లు (మరతో బిగించే జాయింట్లు) రెండు కొసలకీ క్రింప్ చేయించుకుంటే క్లిప్పుల గొడవే ఉండదు. గొట్టం ఆటోమేటిక్ గేర్ ఆయిల్‌కీ ఆ వేడికీ తట్టుకునే రకమేనా అని వాళ్లని అడిగి తీసుకోండి. గొట్టం కోసినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి మిగులుతుంది. తెల్ల గుడ్డ అడ్డం పెట్టి గాలి కొట్టి చూడండి, ఎంత వస్తుందో ఆశ్చర్యపోతారు. అది గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ని ఎటు పంపాలో నడిపించే వాల్వ్ బాడీలోకి పోతే చిన్న రంధ్రాలు మూసుకుపోతాయి. గాలి కొట్టాక కొత్త ఆయిల్ కొంచెం పోసి కడిగి పారబోసి, అప్పుడు బిగించాలి. అదే కారణంతో మరల మీద తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి, దాని పీలికలు కూడా అక్కడికే వెళ్తాయి. ఓ-రింగు ఉన్న యూనియన్‌కి ఏదీ అక్కర్లేదు, కోసుగా ఉండే మరలకి ద్రవం రకం సీలెంట్ ఒక్క చుక్క చాలు.

గొట్టాలు వెళ్లే దారిలో పదునైన రేకు అంచు తగిలే ప్రతి చోటా పాత గొట్టం ముక్కని నిలువునా చీల్చి తొడుగులా వేయండి. స్టీరింగు మొత్తం ఇటూ అటూ తిప్పించి, ఎక్కడా రాసుకోవడం లేదని కళ్లారా చూడండి. సైలెన్సర్‌కీ ఫ్యాను రెక్కలకీ దూరంగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఏ వరసలో కలపాలి అంటే, గేర్‌బాక్స్ నుంచి వేడి ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, అక్కణ్ణుంచి కొత్త కూలర్‌లోకి, అక్కణ్ణుంచి తిరిగి గేర్‌బాక్స్‌లోకి. అంటే తిరిగొచ్చే పైపునే కోసి మధ్యలో కూలర్ పెట్టాలి. ఏది తిరిగొచ్చే పైపో ఊహించకండి. బండి నాలుగు కిలోమీటర్లు తిప్పి వచ్చి, రెండు పైపుల మీదా నల్ల టేపు అంటించి గన్‌తో కొలవండి. ఎక్కువ వేడిగా ఉన్నది గేర్‌బాక్స్ నుంచి వచ్చేది, రెండోది తిరిగి వెళ్లేది. రేడియేటర్‌ని పూర్తిగా తప్పించి ఆయిల్‌ని కొత్త కూలర్‌కే పంపిద్దామని కొందరు సలహా ఇస్తారు, నీళ్లు కలిసే భయం ఉండదని. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ రేడియేటర్ పొద్దున్నే చల్లటి ఆయిల్‌ని వేడి చేసే పని కూడా చేస్తుంది. చాలా గేర్‌బాక్స్‌లు ఆయిల్ కాస్త వేడెక్కేదాకా లాకప్ వేయవు, దాంతో డీజిల్ ఎక్కువ తాగుతుంది. డిసెంబరులో లంబసింగి వెళ్లేవాళ్లయితే మరీనూ. అందుకే మంచి రేడియేటర్ ఉంచి, 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ బైపాస్ ఒకటి వేయించుకోండి. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపూ అది కూలర్‌కి పోకుండా దగ్గర దారిన వెనక్కి పంపేస్తుంది. మీరు విశాఖ దాటి మన్యం వైపు చలికాలంలో వెళ్లకపోతే అది లేకపోయినా నడిచిపోతుంది.

బిగించాక ఆయిల్ కలపడం మర్చిపోయేవాళ్లున్నారు. 10 మిల్లీమీటర్ల గొట్టం మీటరుకి సుమారు 80 మిల్లీలీటర్లు పడుతుంది. మూడు మీటర్ల గొట్టం, కూలర్ కలిపితే అర లీటరు పైన. ముందు అంత పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి గేరు లివర్‌ని ప్రతి స్థానంలోనూ రెండు క్షణాలు ఆపుతూ తిప్పి, అప్పుడు లెవెల్ చూడాలి. డిప్‌స్టిక్ ఉంటే అదృష్టవంతులు. లేకపోతే బండిని సమంగా లేపి, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ వేడి దగ్గర, ఇంజన్ నడుస్తుండగా ఓవర్‌ఫ్లో బోల్టు తీసి చూడాలి. సన్నటి ధార తగ్గి చుక్కలుగా మారిన దగ్గర బోల్టు వేసేయాలి. ఆ సమంగా అన్న మాట మన ఊళ్లో కష్టమే, మా మర్రిపాలెం వీధిలో గోళీ వదిలితే మెయిన్ రోడ్డు దాకా పోతుంది. షెడ్డులో లిఫ్ట్ మీద చూసినా ఒకసారి మట్టపు బద్ద పెట్టి చూడమనండి. ఆయిల్ ఎక్కువ పోసినా నురగ పట్టి వేడెక్కుతుంది, తక్కువైనా పంపు గాలి మింగి వేడెక్కుతుంది.

అంతా అయ్యాక పది నిమిషాలు నిలబెట్టి, ప్రతి జాయింటునీ తెల్ల టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద ఎర్రగా కనిపిస్తుంది. తర్వాత ఒక్కరే సింహాచలం కొండ రోడ్డు ఎక్కి దిగండి, మళ్లీ తుడవండి. కుటుంబంతో పాడేరు దాని తర్వాతే. మామూలు స్క్రూ క్లిప్పులే వేయించి ఉంటే వారం పోయాక చల్లగా ఉన్నప్పుడు ఒకసారి బిగుతు చూసుకోండి.

బీచ్ రోడ్డు వైపు ఎక్కువ తిరిగితే నెలకోసారి గ్రిల్ లోంచి మంచినీళ్లు పోసి కూలర్‌ని కడగండి. బురదలో తిరిగొచ్చిన రోజు కూడా అంతే. సర్వీస్ సెంటర్లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, రెక్కలు వంగి మూసుకుపోతాయి.

ఆయిల్ మార్చడానికి ఛాంబర్ విప్పుతారు కదా, అడుగున ఒకటో రెండో అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద ముఖానికి రాసుకునే క్రీములా మెత్తటి బూడిద రంగు పూత ఉంటే మామూలే. వేలికి గుచ్చుకునే తునకలు ఉంటే కూలర్ కొనకండి, తుడిచేయకుండా ఫొటో తీసి నాకు చూపించండి.